ఎమైనో ఆమ్లాల జీవక్రియ, ఆహారం, కాలేయ ఆరోగ్యం: చేవెళ్ల – మొయినాబాద్ ప్రాంత పరిశీలన

తిన్న ఆహారంలోని మాంసకృత్తులు జీర్ణకోశంలో విడివడి ఎమైనో ఆమ్లాలుగా మారిన తరువాత, పేగుల గోడను దాటి, కాలేయ నిర్వాహక సిర అనే రక్తనాళం గుండా మొట్టమొదట కాలేయానికే చేరతాయి. వాటిలో వేటిని రక్తంలోకి వదలాలో, వేటితో కొత్త మాంసకృత్తులు తయారుచేయాలో, వేటిని విరిచి శక్తిగానో చక్కెరగానో యూరియాగానో మార్చాలో చాలావరకు అక్కడే నిర్ణయమవుతుంది. ఈ పనులన్నిటినీ కలిపి ఎమైనో ఆమ్లాల జీవక్రియ అంటారు. ఆహారంలో ఎమైనో ఆమ్లాలు తక్కువైనా, వాటి పాళ్లు తప్పినా కాలేయం చేసే పని దెబ్బతింటుంది. కాలేయం జబ్బుపడితే మంచి ఆహారం తిన్నా అది ఒంటికి పట్టదు. ఈ రెండు వైపుల సంబంధాన్ని అర్థం చేసుకోవడానికి దక్కన్ పీఠభూమిలోని జొన్న ప్రాంతాలు, వాటిలో భాగమైన చేవెళ్ల, మొయినాబాద్ పరిసరాలు చక్కని ఉదాహరణలు. ఈ విషయంలో ప్రపంచం చర్చించిన ఒక ముఖ్యమైన సిద్ధాంతం ఇక్కడికి దగ్గరలోని హైదరాబాదులో, జొన్న తినే పేదల జబ్బును పరిశీలించినప్పుడే పుట్టింది.

చేవెళ్ల, మొయినాబాద్ రంగారెడ్డి జిల్లాలో హైదరాబాదుకు పడమటగా, బీజాపూర్ వెళ్లే రహదారి మీద ఉన్న మండల కేంద్రాలు. మొయినాబాద్ మండలం ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలను ఆనుకొని ఉంటుంది. ఈ రెండు జలాశయాల పరీవాహక ప్రాంతంలోని 84 గ్రామాల్లో నిర్మాణాలను నియంత్రిస్తూ 1996లో వచ్చిన 111 జీవో కారణంగా, మహానగరం అంచునే ఉన్నా ఇక్కడి పొలాలు చాలాకాలం పొలాలుగానే మిగిలాయి. జొన్న, కంది, పెసర, అనుములు, బెబ్బర్లు పండిన నేలలో ఇప్పుడు టమాట, క్యారెట్, ఆకుకూరలు, పూలు, పత్తి, మొక్కజొన్న కనిపిస్తాయి. పంటతో పాటు కంచంలోని తిండీ మారింది, దానితో పాటు కాలేయానికి వచ్చే జబ్బుల స్వభావమూ మారింది.

కాలేయం చేసే పని

మాంసకృత్తుల్లో ఉండే ఎమైనో ఆమ్లాలు ఇరవై. వాటిలో తొమ్మిదింటిని పెద్దవారి శరీరం తయారుచేసుకోలేదు కనుక ఆహారంలోంచే రావాలి. వీటిని ఆవశ్యక ఎమైనో ఆమ్లాలంటారు. కాలేయం ఎమైనో ఆమ్లాలతో రోజుకు సుమారు 10 నుంచి 15 గ్రాముల ఆల్బుమిన్ తయారుచేస్తుంది. రక్తంలోని నీరు నాళాల్లోనే నిలిచి ఉండటానికి ఈ మాంసకృత్తి కావాలి. ఇది తగ్గితే కాళ్లు వాస్తాయి, కాలేయం గట్టిపడినవారిలో పొట్టలో నీరు చేరడానికి కూడా ఇది తోడవుతుంది. దెబ్బ తగిలినప్పుడు రక్తం గడ్డకట్టడానికి అవసరమైన అంశాలలోనూ ఎక్కువ భాగం కాలేయంలోనే తయారవుతాయి.

ఒక ఎమైనో ఆమ్లంలోని నైట్రోజన్ గుంపును మరొక అణువుకు మార్చే ఎంజైములను ట్రాన్స్‌ఎమైనేజులంటారు. కాలేయ పరీక్ష చేయించుకున్నవారి చీటీలో ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ అని రాసి ఉండేవి ఇవే. కాలేయ కణం దెబ్బతిన్నప్పుడు ఇవి కణంలోంచి రక్తంలోకి చిందుతాయి కాబట్టి వాటి అంకె పెరగడం కాలేయ నష్టానికి సూచనగా తీసుకుంటారు. ఈ ఎంజైములు పనిచేయాలంటే విటమిన్ బి6 తప్పనిసరిగా ఉండాలి.

ఎమైనో ఆమ్లాలను విరిచినప్పుడు వెలువడే అమోనియా మెదడుకు విషం. దాన్ని హాని లేని యూరియాగా మార్చి మూత్రపిండాలకు అప్పగించే రసాయన చక్రాన్ని 1932లో జర్మనీలో హాన్స్ క్రెబ్స్, కుర్ట్ హెన్సెలైట్ కనుగొన్నారు. ఆ చక్రం పూర్తిగా నడిచేది కాలేయంలోనే కాబట్టి కాలేయం గట్టిపడినప్పుడు అమోనియా రక్తంలో మిగిలిపోయి, రోగి పగలు మత్తుగా, రాత్రి నిద్ర లేకుండా ఉండటం, చేతులు వణకడం, మాట తడబడటం, చివరకు స్పృహ తప్పడం వంటి లక్షణాలు కనబడతాయి.

ఇవి కాక, గ్లుటామేట్, సిస్టీన్, గ్లైసిన్ అనే మూడు ఎమైనో ఆమ్లాలతో కాలేయం గ్లుటాథయోన్ అనే రక్షక పదార్థాన్ని తయారుచేస్తుంది. మందులు, మద్యం, బూజు విషాల వల్ల పుట్టే హానికర అణువులను ఇది పట్టి నిర్వీర్యం చేస్తుంది. పారాసిటమాల్ మాత్రలు మోతాదు మించి మింగినవారికి ఆసుపత్రుల్లో ఎసిటైల్ సిస్టీన్ ఎక్కించడం, ఖాళీ అయిన ఈ నిల్వను తిరిగి నింపడానికే. సరైన తిండి లేనివారిలో, రోజూ తాగేవారిలో ఈ నిల్వ ముందే తక్కువగా ఉండటంతో, ఇతరులు తట్టుకోగల మోతాదే వారి కాలేయాన్ని దెబ్బతీయవచ్చు.

జొన్న, ల్యూసిన్, పెల్లాగ్రా

1918లో రాబర్ట్ మెకారిసన్ నీలగిరుల్లోని కూనూరులో ప్రారంభించిన పోషకాహార పరిశోధనశాల 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, తరువాత జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకుంది. అప్పటి తెలంగాణలో జొన్నే ప్రధాన ఆహారంగా బతికే పేదల్లో పెల్లాగ్రా అనే జబ్బు సాధారణంగా కనబడేది. ఎండ తగిలే చేతులు, మెడ, పాదాల మీద చర్మం నల్లబడి పొలుసులుగా ఊడటం, విరేచనాలు, మతిస్థిమితం తప్పడం దాని లక్షణాలు. నియాసిన్ అనే బి విటమిన్ లోపం దీనికి కారణమని 1930లలోనే తేలింది. మొక్కజొన్న తినే అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఈ జబ్బు ఎందుకు వచ్చేదో చెప్పడం సులువే: మొక్కజొన్నలో ఉన్న నియాసిన్ శరీరానికి అందని రూపంలో ఉంటుంది, నియాసిన్‌గా మారగల ట్రిప్టోఫాన్ అనే ఎమైనో ఆమ్లం కూడా అందులో బాగా తక్కువ. జొన్న సంగతి అలా కాదు. అందులో ట్రిప్టోఫాన్ అంత తక్కువగా ఉండదు, నియాసిన్ కూడా శరీరానికి చాలావరకు అందుతుందని అప్పటి పరిశోధకులు భావించారు. అయినా జబ్బు వస్తోంది.

ఈ చిక్కుముడికి ఆ సంస్థ పరిశోధకులు సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో ల్యాన్సెట్ పత్రికలో ఒక వివరణ ప్రతిపాదించారు. జొన్న మాంసకృత్తిలో ల్యూసిన్ అనే ఎమైనో ఆమ్లం అసాధారణంగా ఎక్కువ; 100 గ్రాముల జొన్న మాంసకృత్తిలో సుమారు 12 గ్రాములు ల్యూసినే ఉంటుంది, దానికి జంటగా ఉండవలసిన ఐసోల్యూసిన్ మూడున్నర గ్రాములకు మించదు. ఈ అసమతౌల్యం వల్ల, ట్రిప్టోఫాన్ నియాసిన్‌గా మారే దారికి అడ్డంకి కలుగుతుందన్నది వారి వాదన. ఆ మార్పు ప్రధానంగా జరిగేది కాలేయంలో. సుమారు 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్ ఖర్చయితే గాని ఒక మిల్లీగ్రాము నియాసిన్ తయారుకాదు, దారిలో కైన్యురెనినేజ్ అనే ఎంజైముకు విటమిన్ బి6 కావాలి. అంటే ఇంత పొదుపుగా నడిచే మార్గంలో ఏ కొంచెం అడ్డు వచ్చినా, నియాసిన్ బొటాబొటిగా అందే పేదవాడికి అది చాలు జబ్బు పడటానికి. హైదరాబాదు పరిశోధకులు ఆ తరువాత కుక్కలకు జొన్న ఆహారం పెట్టి పెల్లాగ్రాను పోలిన నల్లనాలుక జబ్బును కలిగించి చూపారు. ఐసోల్యూసిన్ ఇస్తే రోగుల్లో మెరుగుదల కనబడిందని, విటమిన్ బి6 కూడా ల్యూసిన్ ప్రభావాన్ని తగ్గిస్తుందని ప్రచురించారు.

ఈ సిద్ధాంతాన్ని అందరూ ఒప్పుకోలేదు. ఇతర దేశాల ప్రయోగశాలల్లో కొన్నిచోట్ల ల్యూసిన్ ప్రభావం తేలలేదు. కేవలం ల్యూసినే కారణమా, లేక మొత్తం తిండి తక్కువై బి విటమిన్లన్నీ కొరవడటం కారణమా అన్న చర్చ ఏళ్లపాటు సాగింది. తీర్పు ఏదైనా, ఆహారంలోని ఒక ఎమైనో ఆమ్లం ఎక్కువైతే మరొకదాని జీవక్రియ కాలేయంలో తారుమారు కావచ్చునన్న ఆలోచనను ఒక ప్రాంతపు పేదల తిండిలోంచి తీసుకొని ప్రపంచ వైద్యశాస్త్రం ముందు పెట్టిన ఘనత హైదరాబాదుకు దక్కుతుంది. ఈ విషయం తెలుగునాట రావలసినంత ప్రచారంలోకి రాలేదు.

దీన్ని జొన్న మీద నిందగా తీసుకోవడం పొరపాటు. జొన్నలో అసలు కొరత లైసిన్. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 60 కిలోల బరువున్న మనిషికి రోజుకు సుమారు 1.8 గ్రాముల లైసిన్ అవసరం. ఒక వ్యవసాయ కూలీ రోజంతా రొట్టె, గటక, అంబలి రూపాల్లో 400 గ్రాముల జొన్నలు తిన్నాడనుకుంటే, వాటి నుంచి వచ్చే 40 గ్రాముల మాంసకృత్తిలో లైసిన్ 0.9 గ్రాములకు కాస్త అటూ ఇటూ ఉంటుంది, అంటే అవసరంలో సగం. అదే మనిషి కంచంలో 60 గ్రాముల కందిపప్పు చేరితే దాని నుంచి ఇంకో 0.9 గ్రాములు వచ్చి లెక్క సరిపోతుంది. కందిపప్పులో కొరవడే మిథియోనిన్ కొంతవరకు జొన్న నుంచి వస్తుంది. రొట్టెలోకి పప్పు, అనుముల కూర, పెసర గుడాలు, వాటితో కాస్త పెరుగు తినే పాత అలవాటు ఈ లెక్కను కాగితం మీద వేయకుండానే సరిచేసింది. పెల్లాగ్రా వచ్చింది జొన్న తిన్నవారికి కాదు, జొన్న తప్ప మరేదీ దొరకనివారికి. ఇదే బీజాపూర్ దారిలో పరిగి దాటి కుడికి తిరిగితే వచ్చే తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు దక్కింది. చేవెళ్లవారికి కందిపప్పు దూరపు సరుకు కాదు.

లేమి వల్ల చేరే కొవ్వు

కాలేయంలో కొవ్వు చేరడం కేవలం బాగా తినేవారి జబ్బు అన్న అభిప్రాయం తప్పు. మాంసకృత్తులు బొత్తిగా చాలని పిల్లల్లో వచ్చే క్వాషియార్కర్‌లో ముఖం, కాళ్లు ఉబ్బి, జుట్టు రంగు మారి, కాలేయం కొవ్వుతో పెద్దదవుతుంది. కాలేయం తనలో చేరిన కొవ్వును రక్తంలోకి పంపాలంటే దాన్ని ఒక ప్రత్యేక మాంసకృత్తితో పొట్లం కట్టాలి. ఎమైనో ఆమ్లాలు లేకపోతే ఆ మాంసకృత్తి తయారుకాక కొవ్వు అక్కడే నిలిచిపోతుందని ఒక ప్రధాన వివరణ. మిథియోనిన్ సాయంతో కాలేయం తయారుచేసుకునే కోలిన్ లోపించినా ఇదే జరుగుతుంది. ఈ జబ్బు మీద గోపాలన్ బృందం చేసిన విస్తృతమైన పని ఫలితంగా, గోధుమ, శనగపప్పు, వేరుశనగ, బెల్లం కలిపి ఇంట్లోనే చేసుకోగల మిశ్రమం హైదరాబాద్ మిక్స్ పేరుతో దేశమంతటా వాడుకలోకి వచ్చింది. ఖరీదైన పాల పొడి లేకుండా పప్పుధాన్యాలతోనే పిల్లల కాలేయాన్ని తిరిగి మామూలు స్థితికి తేవచ్చునని చూపడం జాతీయ పోషకాహార సంస్థ చేసిన అతి పెద్ద మేలు.

కాలేయానికి లేమి ఒక్కటే ముప్పు కాదు. సరిగ్గా ఆరబెట్టని వేరుశనగ, మొక్కజొన్నల మీద పెరిగే బూజు నుంచి వచ్చే అఫ్లాటాక్సిన్ కాలేయానికి విషం. 1974లో గుజరాత్, రాజస్థాన్ సరిహద్దు గిరిజన గ్రామాల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా కాలేయం దెబ్బతిని చనిపోయినప్పుడు, ఆ సంఘటనను పరిశోధించింది కూడా హైదరాబాదు శాస్త్రవేత్తలే. అంతకు ముందే టి.వి. మాధవన్, గోపాలన్ ఎలుకలపై చేసిన ప్రయోగాల్లో ఒక విచిత్రమైన ఫలితం వచ్చింది: మాంసకృత్తులు తక్కువ తిన్న ఎలుకల కాలేయం ఈ విషానికి వెంటనే తీవ్రంగా దెబ్బతింది, మాంసకృత్తులు పుష్కలంగా తిన్నవి మొదటి దెబ్బను తట్టుకున్నా వాటిలో తరువాత కాలేయ క్యాన్సర్ ఎక్కువగా కనబడింది. మొక్కజొన్న, వేరుశనగ నిల్వచేసే రైతు ఇంటికి దీని అర్థం ఒక్కటే: తిండి ఎంత బాగున్నా బూజు పట్టిన గింజను పారేయాల్సిందే, కోళ్ల దాణాకైనా వాడకూడదు.

బియ్యం, నగరం, ఫ్యాటీ లివర్

1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం పథకం తరువాత జొన్న తినే ఇళ్లలోకి పాలిష్ బియ్యం పూర్తిగా చొచ్చుకువచ్చింది. ఆకలి తగ్గింది, పెల్లాగ్రా దాదాపు కనుమరుగైంది. ఈ మేలును తక్కువ చేయరాదు. అయితే కంచంలో అన్నం పెరిగి పప్పు పలచబడింది. పిండిపదార్థం అవసరానికి మించితే కాలేయం దాన్ని కొవ్వుగా మార్చి దాచుకుంటుంది; శారీరక శ్రమ తగ్గి ఇన్సులిన్ సరిగా పనిచేయనప్పుడు ఆ కొవ్వు కాలేయంలోనే పేరుకుంటుంది. మద్యం ముట్టకపోయినా వచ్చే ఈ జబ్బునే ఫ్యాటీ లివర్ అంటున్నారు. మొయినాబాద్‌కు పక్కనే ఉన్న ఐటీ కార్యాలయాల పరిస్థితిని హైదరాబాదు విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆసుపత్రి పరిశోధకుల అధ్యయనం 2025లో బయటపెట్టింది: పరీక్షించిన 345 మంది ఐటీ ఉద్యోగుల్లో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు ఎక్కువగా ఉంది. పొలాలు అమ్ముకొని కార్లలో తిరుగుతూ, రహదారి పక్క ధాబాల్లో బిర్యానీ తింటున్న మొయినాబాద్ యువకుడి జీవనశైలి ఆ ఉద్యోగి జీవనశైలికి ఇప్పుడు ఎంతో దూరంలో లేదు.

ఇక్కడ ఎమైనో ఆమ్లాల కథ మరో మలుపు తిరుగుతుంది. ల్యూసిన్, ఐసోల్యూసిన్, వాలిన్ అనే మూడింటిని శాఖాయుత ఎమైనో ఆమ్లాలంటారు. వీటిని విరిచే మొదటి ఎంజైము కాలేయంలో బాగా తక్కువ, కండరాల్లో ఎక్కువ. ఊబకాయం, ఇన్సులిన్ నిరోధకత ఉన్నవారి రక్తంలో ఈ మూడూ పెరిగి, గ్లైసిన్ తగ్గి ఉంటుందని 2009 తరువాత వచ్చిన పరిశోధనలు గుర్తించాయి. అందువల్ల వ్యాయామశాలల్లో అమ్మే శాఖాయుత ఎమైనో ఆమ్లాల పొడిని ఆరోగ్యవంతుడైన యువకుడు కాలేయం బాగుకోసమని తాగడంలో అర్థం లేదు. భారతీయ వైద్య పరిశోధన మండలి 2020 సిఫారసు ప్రకారం పెద్దవారికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు సరిపోతాయి. 65 కిలోల పురుషుడికి ఇది 54 గ్రాములు. ఒక గుడ్డులో దాదాపు 6 గ్రాముల మాంసకృత్తితో పాటు కాలేయం కొవ్వును బయటికి పంపడానికి కావలసిన కోలిన్ కూడా ఉంటుంది. 2015 నుంచి తెలంగాణలో అంగన్‌వాడీల ద్వారా గర్భిణులకు, బాలింతలకు ఒక పూట భోజనంతో పాటు 200 మిల్లీలీటర్ల పాలు, ఒక గుడ్డు ఇస్తున్న ఆరోగ్యలక్ష్మి పథకం ఈ దృష్టితో చూస్తే ఎంతో విలువైనది. దాన్ని ఇంటికి పట్టుకెళ్లి అందరికీ పంచకుండా అంగన్‌వాడీలోనే తినమనడం కూడా ఆ పోషణ తల్లికే అందాలనే.

కల్లు, మద్యం

తాటి, ఈత చెట్ల నుంచి తీసిన తాజా కల్లు పులిసేకొద్దీ అందులో ఆల్కహాలు పెరుగుతుంది. ఏ రూపంలో వచ్చినా ఆల్కహాలు కాలేయంలో ఎసిటాల్డిహైడ్ అనే విషంగా మారి, మిథియోనిన్ జీవక్రియను అడ్డుకొని, గ్లుటాథయోన్ నిల్వను తగ్గిస్తుంది. రోజూ తాగేవారు తిండి తగ్గించేయడం వల్ల నియాసిన్, బి6 కూడా కొరవడతాయి. ఈ కాలంలో వైద్యులు అరుదుగా చూస్తున్న పెల్లాగ్రా రోగుల్లో చాలామంది తాగుడుకు అలవాటుపడ్డవారే. తెలంగాణలో కల్లులో అల్ప్రజోలం, డయజెపాం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలిపి అమ్మడం పదేపదే పట్టుబడుతున్న నేరం. కాలేయం గట్టిపడిన మనిషికి ఇవి మరింత ప్రమాదం, ఎందుకంటే ఈ మత్తుమందులను విరిచే పని కాలేయానిదే; అది చేయలేనప్పుడు మందు రక్తంలో నిలిచి, అమోనియా వల్ల ఇప్పటికే మందగించిన మెదడును పూర్తిగా స్పృహ తప్పిస్తుంది. కల్తీకి దూరంగా, తమ చెట్ల నుంచి కల్లు గీసి నిజాయితీగా అమ్మే గౌడ కుటుంబాలకు ఈ నేరం మచ్చ తెస్తోంది కూడా.

పథ్యం

పల్లెల్లో కామెర్లు వచ్చినవారికి ఉప్పు, నూనె, పప్పు మాన్పించి, చప్పిడి గంజి మీద వారాలకొద్దీ ఉంచడం ఆనవాయితీ. సాధారణ వైరస్ కామెర్లు రోగనిరోధక శక్తితో వాటంతటవే తగ్గుతాయి కాబట్టి, పథ్యానికీ పసరు మందుకూ ఆ ఘనత దక్కుతుంది. అయితే ఇదే పథ్యాన్ని కాలేయం గట్టిపడిన రోగికి పెడితే జరిగే నష్టం అంతా ఇంతా కాదు. సిర్రోసిస్ అనే ఆ స్థితిలో కాలేయం చక్కెరను నిల్వచేయలేదు. ఒక్క రాత్రి ఉపవాసానికే శరీరం కండరాలను కరిగించి ఎమైనో ఆమ్లాలను లాక్కుంటుంది. కండరం కరిగితే, కాలేయం చేయలేని అమోనియా శుద్ధిలో కొంతైనా పంచుకునే అవయవం కూడా పోతుంది. ఒకప్పుడు ఆసుపత్రుల్లో కూడా అమోనియా భయంతో ఇలాంటి రోగులకు మాంసకృత్తులు తగ్గించేవారు. 2004లో స్పెయిన్‌లో జరిగిన ఒక అధ్యయనం, మాంసకృత్తులు తగ్గించడం వల్ల మెదడు మందగించిన రోగులకు ప్రయోజనం లేదని, పైగా శరీర మాంసకృత్తులు ఎక్కువగా విరిగిపోతున్నాయని చూపింది. అప్పటినుంచి సలహా తలకిందులైంది: సిర్రోసిస్ రోగికి కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు, అంటే 60 కిలోల మనిషికి 72 నుంచి 90 గ్రాములు, ఇవ్వాలి.

అవి పప్పులు, పాలు, పెరుగు నుంచి వస్తే మరింత మేలు, ఎందుకంటే పప్పుల్లోని పీచు పేగుల్లో అమోనియా ఉత్పత్తిని తగ్గిస్తుంది, మలబద్ధకం రానీయదు. మాంసకృత్తులు అసలు సహించనివారికి, మందులు వాడుతున్నా మెదడు మందగింపు తగ్గనివారికి వైద్యులు శాఖాయుత ఎమైనో ఆమ్లాలను మందుగా ఇస్తారు. ఈ రోగుల రక్తంలో ఇవి తగ్గి, ఫినైల్ఎలనిన్, టైరోసిన్ పెరిగి ఉండటమే కారణం. వ్యాయామశాలలో అనవసరమైన పొడి ఇక్కడ చికిత్సగా పనికివస్తుంది. పొట్టలో నీరు ఉన్నవారు మానవలసింది ఉప్పే గాని పప్పు కాదు. తొక్కులు, అప్పడాలు, బయటి చిరుతిళ్లు మానితే ఉప్పు చాలావరకు తగ్గుతుంది.

చేవెళ్లలోనూ, మొయినాబాద్ మండలంలోని యెంకేపల్లిలోనూ ఇప్పుడు వైద్య కళాశాలల ఆసుపత్రులు ఉన్నాయి. కామెర్లు రెండు వారాలు దాటినా, కాళ్లవాపు, రక్తపు వాంతి, పగటి మత్తు కనబడినా పసరు దగ్గర ఆగకుండా అక్కడికి తీసుకువెళ్లాలి. ఇంట్లో సిర్రోసిస్ రోగి ఉంటే, అతన్ని రాత్రి ఎనిమిదికి గంజి తాగించి పడుకోబెట్టకుండా, పడుకునే ముందు ఒక జొన్నరొట్టె ముక్కో, గుప్పెడు పెసర గుడాలో, ఒక గ్లాసు పాలో ఇచ్చి, తెల్లవారగానే మళ్లీ ఏదైనా తినిపించాలి. రాత్రి ఉపవాసం ఎంత తగ్గితే అతని కండరం అంత మిగులుతుంది.